మూడో అంతస్తు గదిలోని ఈథర్ సీసా

నేను ఆ కాలేజీలో చేరిన మొదటి నెలలోనే మనాంగ్ ప్రొసింగ్ చేత పిల్లల ముందు మాట పడ్డాను. ఆర్గానిక్ ల్యాబ్ అయ్యాక ఈథర్ సీసాని కిటికీ గట్టు మీద మరిచిపోయి భోజనానికి వెళ్లాను. తిరిగొచ్చి రెండో బ్యాచ్‌కి పాఠం మొదలుపెట్టానో లేదో, ఆవిడ సీసా చేత్తో పట్టుకుని నేరుగా క్లాసులోకి వచ్చింది.

"మామ్, మీరు మనీలాలో చదివారట కదా. ఈథర్‌ని ఎండలో పెట్టాలని అక్కడి పుస్తకాల్లో ఏ పేజీలో రాశారో చూపించండి. నేను డిగ్రీ పూర్తిచేయని మనిషిని, నేర్చుకుంటాను" అంది.

ముప్ఫైమంది పిల్లలు నవ్వారు. నాకు అప్పుడు ఇరవై ఆరేళ్లు. ఆ నవ్వు నాకు చాలాకాలం గుర్తుంది. అంత గుర్తుండటం వల్లే తర్వాతి పనులు చేశానా అంటే, అదొక్కటే కారణం అని చెప్పలేను. కానీ లేదని కూడా చెప్పలేను.

ఆవిడ అసలు పేరు యూఫ్రొసీనా గాల్వెస్. వయసులో పెద్ద కాబట్టి డీన్ మొదలు తోటమాలి దాకా అందరూ మనాంగ్ ప్రొసింగ్, అంటే ప్రొసింగక్క, అనే పిలిచేవాళ్లు. కెమిస్ట్రీ స్టోరు ఆవిడది. ఇరవై ఆరేళ్లుగా ఆవిడదే. కింది అంతస్తులో, ఎండ పడని వైపు, కిటికీల్లేని గది. అందులో సీసాలు అక్షరాల వరసలో ఉండేవి కావు. ఏది దేని పక్కన ఉండకూడదో చూసుకుని పెట్టేది. ప్రతి సీసా మీద రెండు తేదీలు, వచ్చిన రోజు ఒకటి, మూత తెరిచిన రోజు ఒకటి, బాల్ పెన్నుతో గుండ్రటి అంకెల్లో రాసి ఉండేవి. పిక్రిక్ యాసిడ్ ఎండిపోతే ప్రమాదమని దాని జాడీని ఆరు నెలలకోసారి తూచి, తగ్గిన మేర నీళ్లు పోసేది. కరెంటు ఎక్కువసేపు పోతే ఆదివారమైనా సరే ట్రైసికిల్ ఆటో ఎక్కి వచ్చి, వెచ్చబడకూడని సీసాలున్న ఫ్రిజ్ చుట్టూ ఐసు పేర్చి వెళ్లేది.

ఈథర్ల సంగతి అయితే మరీ పట్టింపు. అవి తెరిచిన రోజు నుంచీ గాలిని కొద్దికొద్దిగా లోపలికి తీసుకుని మారిపోతుంటాయి. పైకి నీళ్లలా అలాగే కనిపిస్తాయి. లోపల పెరాక్సైడ్ పెరుగుతుంటుంది. ఏళ్లు గడిస్తే అది తెల్లటి పలుకులుగా పేరుకుంటుంది. ఆ దశకి వచ్చాక దానికి నిప్పు అక్కర్లేదు. మూత తిప్పినా, సీసా కాస్త గట్టిగా జరిపినా చాలు. మనాంగ్ ప్రొసింగ్ మూడు నెలలకోసారి ప్రతి ఈథర్ సీసా నుంచీ చుక్క తీసి పరీక్ష చేసేది. పసుపు రంగు తిరిగితే ఆ సీసా మళ్లీ ఎవరి కంటా పడేది కాదు.

ఇవన్నీ మంచి పనులే. కానీ మనిషితో వేగడం కష్టం. అడిగిన సామాను చీటీలో స్పెల్లింగ్ తప్పుంటే వెనక్కి పంపేది. పెద్ద ప్రొఫెసర్లని కూడా గుమ్మం దాటనిచ్చేది కాదు. "మీ చేతులు కడుక్కున్నారా సర్" అని అడిగేది. పాతికేళ్లలో ఆవిడ మాట పడని వాళ్లు కాలేజీలో లేరు. అవసరమైనప్పుడు ఆవిడ పక్షాన నిలబడేవాళ్లు లేకపోవడానికి అదే కారణం.

ఒక్క డెల్ఫిన్ తప్ప. ఆయన బిల్డింగు ఊడ్చి తుడిచి, బల్బులు మార్చి, కుళాయిలు బిగించే పనివాడు. యాభై దాటినవాడు. మధ్యాహ్నం ఇద్దరూ స్టోరు వెనక మెట్ల మీద కూర్చుని తినేవాళ్లు. ఆయన ఎండుచేప తెస్తే ఆవిడ పనసకాయ, కందులు వేసి వండిన పంది కూర తెచ్చేది. తినేంతసేపూ పోట్లాడుకునేవాళ్లు.

"నా తలుపు మీద నీ తడి మాపు ఎందుకు ఆరేశావు?"

"ఈ కాలేజీలో ఎవరూ ముట్టుకోని తలుపు అదొక్కటే మనాంగ్. అక్కడైతే పోదని."

"పోతే పోనీ. మురికి నీళ్లతో నేల తుడిచే మాపు ఎవడెత్తుకెళ్తాడు?"

"నీ కూర రుచి చూసినవాడు కోపంతో ఎత్తుకెళ్తాడు."

ఆవిడ నవ్వగా నేను చూసింది ఆ మెట్ల మీదే.

2009లో మాకు కొత్త డీన్ వచ్చాడు. డాక్టర్ పర్రేన్యో. ఎప్పుడూ సభలకి వేసుకునే ఇస్త్రీ బరాంగ్ చొక్కా, ఎవరినీ గట్టిగా ఒక్క మాట అనడు. కాలేజీకి పై స్థాయి గుర్తింపు తేవాలని పట్టుదల. తనిఖీ బృందం అక్టోబరులో వస్తుందని తెలియగానే కెమిస్ట్రీకి ఒక నమూనా ప్రయోగశాల కావాలన్నాడు. బిల్డింగంతా వెతికితే ఖాళీగా ఉన్న గది ఒక్కటే కనబడింది. మూడో అంతస్తులో డాక్టర్ హిలారియో గది.

డాక్టర్ హిలారియో మా విభాగానికి ఒకప్పుడు పెద్ద దిక్కు. 1998లో గుండెపోటుతో పోయాడు. ఆయన మీద గౌరవం కొద్దీ గదికి తాళం వేశారు. గౌరవం మెల్లగా బద్ధకం అయింది. లోపల ఏముందో చూడనివ్వమని మనాంగ్ ప్రొసింగ్ ఏటా అడుగుతూనే ఉండేది. వచ్చిన ప్రతి డీనూ తర్వాత చూద్దాం అనేవాడు.

పదకొండేళ్ల తర్వాత ఆ తాళం తీసినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. దుమ్ము, బల్లి రెట్టలు, కట్టలుగా పరీక్ష పేపర్లు. గోడ బీరువా తలుపు అప్పటికే సగం తెరిచి ఉంది. మనాంగ్ ప్రొసింగ్ గుమ్మంలో నుంచే టార్చి వేసింది. కింది అరలో గోధుమరంగు సీసా ఒకటి. పావు వంతు ద్రవం. మెడ దగ్గర, అడుగున, ఉప్పు పేరుకున్నట్టు తెల్లగా ఉంది.

ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి మమ్మల్ని ఆపింది.

"వెనక్కి నడవండి. మెల్లగా. తలుపు గట్టిగా వేయొద్దు."

వరండాలోకి వచ్చాక టార్చి వెలుగులో తను చదివిన లేబుల్ సంగతి చెప్పింది. ఐసోప్రొపైల్ ఈథర్. తెరిచింది 1993లో, డాక్టర్ హిలారియో చేతిరాత. తాళం వేసి ఆ చెవిని బ్లౌజులో దోపుకుంది. ఆ మధ్యాహ్నమే ఆవిడా నేనూ డీన్ గదిలో ఉన్నాం.

"పదహారేళ్లు కదలకుండా ఉన్న సీసా, మనాంగ్. మరో పదహారు రోజులు ఉండలేదా?" అన్నాడు డీన్.

"ముట్టుకోకపోతే ఉంటుందేమో సర్. నేను చెప్పేదీ అదే. ఎవరూ ముట్టుకోకూడదు. ఇలోయిలో నగరం నుంచి పోలీసుల బాంబు స్క్వాడ్‌ని పిలవండి. వాళ్ల దగ్గర సామగ్రి ఉంటుంది."

"గేటు ముందు బాంబు స్క్వాడ్ ట్రక్కు. పేపర్లో ఫొటో. ఆ తర్వాత వారం తనిఖీ వాళ్లు. బాగుంటుంది."

"అయితే తనిఖీ అయ్యేదాకా ఆ గది మూసి ఉంచండి. వేరే గది చూపించండి."

"ఆ గది నంబరే కాగితాల మీద వెళ్లిపోయింది." ఆయన నా వైపు తిరిగాడు. "మామ్ అర్మీదా, మీరు ఆర్గానిక్ కెమిస్ట్రీలో మాస్టర్స్ చేశారు. మీరు చెప్పండి. అది పేలుతుందని ఖచ్చితంగా అనగలరా?"

"ఖచ్చితంగా అంటే... అనలేం సర్. పేలొచ్చు."

"పేలొచ్చు" అన్నాడాయన, నవ్వుతూ. "ఈ సాయంత్రం వాన కూడా పడొచ్చు."

బయటికొచ్చాక మనాంగ్ ప్రొసింగ్ మెట్ల దగ్గర ఆగింది. పిల్లలెవరూ లేరు కాబట్టి మామ్ అనలేదు, చిన్నపిల్లని పిలిచినట్టు ఇందాయ్ అంది.

"ఇందాయ్, పేలుతుందా అని అడిగితే పేలదని ఖచ్చితంగా చెప్పలేనని అనాలి. మాట అదే. ఏ వైపు నుంచి చెప్పాలో కూడా నేర్పలేదా మీకు?"

ఆవిడ అన్నది నిజం. ఆ నిజం చెప్పిన తీరు నాకు మళ్లీ గుచ్చుకుంది.

మర్నాడు పొద్దున్న రెండు పేజీల ఉత్తరం రాసి తెచ్చింది. సీసా ఏమిటి, ఎందుకు ప్రమాదం, ఎవర్ని పిలవాలి, ఎవరూ ఎందుకు తాకకూడదు, అన్నీ వివరంగా రాసింది. చివర తన సంతకం. పక్కన నా పేరు రాసి ఖాళీ వదిలింది.

"చదువు. తప్పుంటే చెప్పు. లేకపోతే సంతకం పెట్టు. డిగ్రీ ఉన్నవాళ్ల పేరు ఒకటుంటే చదువుతారు."

చదివాను. ఒక్క తప్పు లేదు. "క్లాసుంది మనాంగ్, తర్వాత పెడతాను" అన్నాను. ఆవిడ మధ్యాహ్నం దాకా చూసింది. నేను స్టోరు వైపు వెళ్లలేదు. చివరికి తన సంతకంతోనే డీన్ గుమస్తాకి ఇచ్చి వచ్చింది. గుమస్తా తీసుకున్నాడు గాని అందినట్టు ముద్ర వేయలేదు. ఆవిడ అడిగితే స్టాంపు ప్యాడు ఎండిపోయిందన్నాడు.

ఆ శనివారం మనాంగ్ ప్రొసింగ్ సెలవు పెట్టింది. వాళ్ల అక్క పోయి ఏడాది. ఆంతీకెలో చర్చి పూజ ఉంది, తప్పదు. వెళ్తూ గది చెవిని కూడా తీసుకెళ్లిందని అందరికీ తెలుసు. కానీ విభాగంలో అన్ని గదులకీ రెండో చెవి ఒకటుంటుంది. అది నా సొరుగులో ఉంటుంది. డీన్ నాకు ఫోన్ చేశాడు.

"పెయింటర్లు సోమవారం వస్తున్నారు మామ్. ఈ రోజే ఆ గది ఖాళీ కావాలి. సీసాని వెనక పాత కొట్టంలోకి మార్పించండి. డెల్ఫిన్‌తో చేయించండి, మీరు పక్కనుండి చూసుకోండి. నిజానికి మీకు తెలిసినంత ఆవిడకి తెలుసా? మీరు చదువుకున్నవాళ్లు."

ఆ మాట నాకు తియ్యగా ఉంది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఇది రాయడానికి చెయ్యి ఆగుతోంది, కానీ తియ్యగానే ఉంది.

డెల్ఫిన్ మాపు పక్కన పెట్టి మూడో అంతస్తు దాకా నా వెంట వచ్చాడు. నేను తాళం తీశాను. తొందర లేకుండా ఎత్తాలని, వంచకూడదని, మూత జోలికి వెళ్లకూడదని, ఒంటికి దూరంగా పట్టుకోవాలని చెప్పాను. ఇసుక పోసిన బకెట్టు ఒకటి తెప్పించాను. ఏదో చాలా జాగ్రత్త తీసుకున్నట్టు అనిపించింది నాకు.

"మనాంగ్ ప్రొసింగ్‌కి తెలుసా మామ్?" అని అడిగాడు.

"తెలుసు" అన్నాను.

"అయితే సరే. లేకపోతే సోమవారం నా పళ్లెంలో కూర పడదు." బకెట్టు అందుకున్నాడు. "మీరు లోపలికి రారా?"

"నేను కింద తలుపు పట్టుకుంటాను. నువ్వు సీసాతో దిగేటప్పుడు గాలికి మూసుకోకూడదు కదా."

ఆయన తలూపాడు. నేను మెట్లు దిగాను. కింది అంతస్తు దాకా దిగి, గేటు తలుపుని చేత్తో ఆనించి నిలబడ్డాను. గోడ మీద బల్లి ఒకటి పురుగుని చూస్తూ కదలకుండా ఉంది. నేను దాన్నే చూస్తున్నాను. శబ్దం వచ్చినప్పుడు మొదట అది పైనుంచి వచ్చిందని కూడా తెలియలేదు. నేల అదిరింది. మెట్ల మీదుగా అద్దం ముక్కలు జారుకుంటూ వచ్చాయి. కాలేజీ అవతల కుక్కలన్నీ ఒకేసారి మొరిగాయి.

నేను పైకి వెళ్లలేదు. పరుగెత్తుకొచ్చిన వాచ్‌మన్ వెళ్లాడు. డెల్ఫిన్‌ని దుప్పటిలో మోసుకుని దింపారు. కుడి చెయ్యి మణికట్టు నుంచి లేదు. ముఖం ఎడమవైపు నేను చూడలేకపోయాను. ఎడమ కన్ను కూడా పోయిందని తర్వాత తెలిసింది. స్పృహ ఉంది. "మాపు అక్కడే ఉంది" అని రెండుసార్లు అన్నాడు.

సాయంత్రానికి బాంబు స్క్వాడ్ వచ్చింది. బీరువాలో అలాంటివే ఇంకో రెండు సీసాలు కనిపెట్టారు. పొడుగాటి కర్ర చివర పట్టుకారుతో, మందపాటి పెట్టెలో పెట్టి, ఊరవతల పొలంలోకి తీసుకెళ్లి పేల్చేశారు. మొత్తం గంటన్నర పట్టింది. వాళ్ల నాయకుడు చెమట తుడుచుకుంటూ, "మమ్మల్ని ముందే ఎందుకు పిలవలేదు?" అని అడిగాడు.

మనాంగ్ ప్రొసింగ్ ఆదివారం ఉదయం ఆంతీకె నుంచి తిరిగొచ్చింది. బస్సు దిగి నేరుగా ఆసుపత్రికి వెళ్లింది. డెల్ఫిన్ మందుల మత్తులో ఉన్నాడు. ఆవిడ మంచం పక్కన రోజంతా కూర్చుందట. ఎవరు ఎత్తమన్నారని ఆయన భార్య లోలితాని అడిగిందట. లోలితాకి అప్పటికి ఏమీ తెలియదు.

పది రోజులకి కమిటీ వేశారు. ముగ్గురు సభ్యులు. వాళ్ల ముందు మూడు కాగితాలు ఉన్నాయి. ఒకటి స్టోరు నమోదు పుస్తకం, అందులో ఆ సీసా లేదు. రెండోది డీన్ వివరణ, అందులో డెల్ఫిన్ తనంతట తానే గది శుభ్రం చేయడానికి వెళ్లాడని ఉంది. మూడోది డెల్ఫిన్ వాంగ్మూలం, ఎడమ బొటనవేలి ముద్రతో. పేలుడు తర్వాత ఆయనకి ఆ పొద్దుటి సంగతి గుర్తులేదు. టిఫిను తిన్నదాకా గుర్తుంది, ఆ తర్వాత ఆసుపత్రి పైకప్పే. మధ్యలో ఏం జరిగిందో కాలేజీవాళ్లు వచ్చి చెప్పారు. చెప్పిందానికి వేలిముద్ర వేశాడు.

నన్ను పిలిచినప్పుడు మనాంగ్ ప్రొసింగ్ ఆ గదిలోనే ఉంది, గోడ పక్క కుర్చీలో, ఒళ్లో చేతిసంచీతో.

"ఈ సీసా గురించి స్టోరు ఇన్‌ఛార్జి రాతపూర్వకంగా హెచ్చరించానంటున్నారు. డీన్ ఆఫీసులో అలాంటి ఉత్తరం లేదు. మీకు చూపించానంటున్నారు. చూశారా మామ్?" అన్నాడు సభ్యుల్లో ఒకడు.

ఆవిడ నా వైపు చూసింది. బతిమాలే చూపు కాదది. ఆ రోజు పొద్దున్న తను తెచ్చిన ఉత్తరంలో తప్పుందేమో నన్ను చదివి చెప్పమన్నప్పుడు ఎలా చూసిందో అలాగే చూసింది.

డీన్ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. నా పర్మనెంటు ఉద్యోగం కాగితం ఆయన బల్ల మీద సంతకానికి ఉంది. పైగా చూశానంటే, రెండో చెవితో తాళం ఎవరు తీశారని తర్వాతి ప్రశ్న వస్తుంది.

"నాకు గుర్తులేదు" అన్నాను.

"చూడలేదా, గుర్తులేదా?"

"చూడలేదు."

మనాంగ్ ప్రొసింగ్ సంచీ భుజానికి తగిలించుకుని లేచింది. కూర్చోమన్నారు. ఆవిడ కూర్చోలేదు.

"ఇంకేమైనా అడగాలా నన్ను? లేకపోతే వెళ్తాను. ఈ నెల పరీక్షలు చేయాల్సిన సీసాలు నాలుగున్నాయి" అంది.

ఆ పరీక్షలు చేయనివ్వలేదు. అదే రోజు స్టోరు తాళం మార్చారు. అజాగ్రత్త, నమోదు చేయకపోవడం, వాటివల్ల సహోద్యోగికి అంగవైకల్యం. ఆవిడని ఉద్యోగం నుంచి తీసేశారు. అప్పుడు ఆవిడకి అరవై ఒక్కేళ్లు. స్టోరులోకి కొత్తగా వచ్చినతను కంప్యూటర్‌లో అందమైన లేబుళ్లు తీసి అన్ని సీసాలకీ అంటించాడు, పాత అంకెల మీదనే. లోలితాకి కాలేజీ క్యాంటీనులో పని ఇచ్చారు. మూడో అంతస్తు గదికి లేత ఆకుపచ్చ రంగు వేశారు. తనిఖీ వాళ్లు రెండు నెలలు ఆలస్యంగా డిసెంబరులో వచ్చి, చూసి, గుర్తింపు ఇచ్చి వెళ్లారు. గుర్తింపు వచ్చినందుకు పెట్టిన విందులో లోలితా వడ్డించింది. నేను పళ్లెం పట్టుకుని ఆమె ముందు నిలబడాల్సి వచ్చింది. ఆమె నాకు చికెన్‌లో మంచి ముక్క వేసింది.

మనాంగ్ ప్రొసింగ్ ఊరుకోలేదు. గింబాల్‌లో మేనకోడలి ఇంట్లో ఉంటూ, పై కార్యాలయానికి అప్పీలు రాసింది. వాళ్లు అడిగిన కాగితాలన్నీ పంపింది. ఏళ్ల తరబడి డీన్లకి రాసిన విన్నపాల నకళ్లు ఆవిడ దగ్గరున్నాయి. బస్సెక్కి వెళ్లి వరండాల్లో కూర్చుని వచ్చేది. విచారణ రెండుసార్లు వాయిదా పడింది. మూడేళ్లు గడిచాయి. ఈలోగా డాక్టర్ పర్రేన్యో మనీలాలో పెద్ద పదవికి వెళ్లిపోయాడు.

నన్ను మళ్లీ సాక్ష్యానికి పిలిచారు. ఈసారి నిజం చెప్పాను. ఉత్తరం చదివానని, సంతకం పెట్టలేదని, తాళం నేనే తీశానని, డెల్ఫిన్‌తో అబద్ధం చెప్పానని అంతా చెప్పాను. బయటికి రాగానే ఒక సహోద్యోగిని, "ఎంత ధైర్యం మామ్" అంది. ధైర్యమేం లేదు. డీన్ లేడు, నా ఉద్యోగం పర్మనెంటు అయింది, చెబితే పోయేదేమీ మిగల్లేదు. నాకు ఒక మందలింపు ఉత్తరం వచ్చింది. అంతే.

తీర్పు వచ్చేసరికి మరో ఏడు నెలలు. ఉద్యోగం తిరిగి ఇవ్వాలని, ఆవిడ తప్పేమీ లేదని రాశారు. అప్పటికి ఆవిడకి అరవై ఐదు నిండి అయిదు వారాలైంది. అరవై ఐదు తర్వాత ప్రభుత్వ కాలేజీలో ఎవరూ పని చేయడానికి వీల్లేదు.

కాలేజీకొచ్చిన ఆ తీర్పు ప్రతిని నేనే గింబాల్ తీసుకెళ్లాను. ఎవరూ వెళ్లమనలేదు. జీప్నీ బండిలో దారిపొడవునా క్షమించమని ఎలా అడగాలో అనుకుంటూ వెళ్లాను. ఆవిడ ఇంటి ముందు బల్ల మీద చేపలు తోముతోంది. నన్ను చూసి కత్తి దించలేదు. కూర్చోమనలేదు. పొలుసు అంటిన వేళ్లతోనే కాగితం అందుకుని, నిలబడే మొత్తం చదివింది.

"నా పేరు తప్పు రాశారు" అంది. "గాల్వెస్ కాదట. గాల్వాన్."

"సరిచేయిస్తాను మనాంగ్."

"ఎందుకు? ఉద్యోగానికి వెళ్లాలా?"

నేను తెచ్చుకున్న మాటలన్నీ చెప్పాను. ఆవిడ అడ్డం రాకుండా విని, మరో చేప తీసుకుంది.

"నువ్వు నాకు చేసింది నాకు అర్థమైంది ఇందాయ్. నా నోరు మంచిది కాదు. ఆ నోటికి నువ్వొక్కదానివే కాదు, అందరూ బదులిచ్చారు. అది నేను ఏదో ఒక రోజు మింగుతానేమో. కానీ నా పేరు చెప్పి వాణ్ని లోపలికి పంపావు. నాకు తెలుసని చెప్పబట్టే వాడు వెళ్లాడు." కాసేపు పొలుసు గీకింది. "వాడికి ఇవన్నీ తెలుసా?"

"తెలియదు."

"ఆసుపత్రి నుంచి వచ్చాక రెండుసార్లు వాళ్లింటికి వెళ్లాను. లోపలికి రానివ్వలేదు. వరండాలోకి వచ్చి, ఆ సీసాని పదకొండేళ్లు దాచింది నువ్వే కదా మనాంగ్ అన్నాడు. ఆ గుడ్డి కన్నుతో నా వైపు తిరిగి అన్నాడు." ఆవిడ గొంతు మారలేదు. "ఈ కాగితం నాకెందుకు? తీసుకెళ్లి వాడికి చదివి వినిపించు. నన్ను అడగాల్సినవన్నీ వాణ్ని అడుగు. తర్వాత నాకు మెసేజ్ పెట్టు. ఇక్కడికి మాత్రం రావద్దు."

మర్నాడే డెల్ఫిన్ ఇంటికి వెళ్లాను. ఆయన నిద్రపోతున్నాడు. మధ్యాహ్నాలు నిద్రపోతాడట. లోలితా కాఫీ కలిపి ఇచ్చింది. నేను కాగితం బయటికి తీసి, ఎందుకొచ్చానో చెప్పాను. ఆమె వింటూ విసనకర్ర విసురుకుంటోంది.

"నాకు తెలుసు మామ్" అంది. "క్యాంటీనులో పని ఇస్తామని పిలిచిన రోజే తెలిసింది. ఊరికే ఎవరిస్తారు?"

"అయితే ఆయనకి మీరెందుకు..."

"మొదటి ఏడాది ఆయన నిద్రపోలేదు. నేనేం తప్పు చేశాను, ఎక్కడ జారాను, ఎందుకు ఎత్తాను అని గోడకి తల కొట్టుకునేవాడు. మనాంగ్ ప్రొసింగ్ తప్పు అని అందరూ అంటే మెల్లగా నమ్మాడు. ఆవిణ్ని తిట్టుకోవడం మొదలుపెట్టాక నిద్ర పట్టింది. చూశారుగా, ఎలా నిద్రపోతున్నాడో." లోపలి గదిలోంచి గురక వినబడుతోంది. "ఇప్పుడు లేపి ఆవిడ తప్పు కాదంటారు. మరి ఎవరి మీద పెట్టుకోమంటారు ఆయన్ని? మీ మీదా?"

నేను జవాబు చెప్పాలి. మూడు మాటల జవాబు అది. అవును, నా మీదే.

కాఫీ తాగాను. కప్పు కడిగి బోర్లించబోతే లోలితా వద్దంది. కాగితం మడిచి సంచీలో పెట్టుకున్నాను. డెల్ఫిన్ లేచే వేళకి వీధి మలుపు దాటేశాను.

రెండు రోజుల తర్వాత గింబాల్ నుంచి మెసేజ్ వచ్చింది. ఒకే మాట. "చెప్పావా?"

"చెప్పాను" అని పంపాను.

ఆ తర్వాత ఆవిడ నాకు ఏమీ రాయలేదు. ఆ మరుసటి ఏడాది ఆవిడ మేనకోడలు మార్కెట్లో కనబడితే ఎలా ఉన్నారని అడిగాను. బాగానే ఉందట. మోకాళ్ల నొప్పులు. సాయంత్రాలు ఇంటి ముందు కూర్చుని రోడ్డు చూస్తుందట.

"ఎవరో డెల్ఫిన్ అట మామ్, పాత స్నేహితుడట. అంతా తెలిశాక కూడా ఒక్కసారి రాలేదు వాడు అంటుంది" అని చెప్పింది ఆ అమ్మాయి.